నూనెకు వెలి, నల్లనూనెకు పెద్దపీట

మా ఇంట్లో నూనెకు రెండు చట్టాలు ఉండాయి. మా అవ్వ గిన్నెలో నూనె చుక్క పడకూడదు. మా నాయన బాండ్లిలో నూనె చుక్క పారబోయకూడదు. ఈ రెండు చట్టాలూ తప్పే అని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తా ఉండాను. మా నాయన దీన్ని చదువుతాడు. చదవాలనే రాస్తున్నాను.

సంగతి ఇది. పోయిన సంవత్సరం అవ్వకు ఆయాసంగా ఉండాదని ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయినాము. రక్తపరీక్ష చేయించి, కాగితం చూసి, "కొలెస్ట్రాల్ ఎక్కువుంది, నూనె వద్దు" అన్నారు. బయట ముప్పై మంది కాచుకోని ఉండారు. ఏ నూనె వద్దు, ఎంత వద్దు అని మేము అడగలే, ఆయనా చెప్పలే. అవ్వ మాటంటే మాటే. ఆ రోజు నుంచి ఆమెకు తాలింపు లేని చారు, ఉడకబెట్టిన కూర, ఇంకొంచెం ఎక్కువ అన్నం. శెనక్కాయల ఊరుబిండి మానేసింది. చేప మానేసింది. ఎనిమిది నెలలు అట్లే జరిగింది. "నాకు కొవ్వు పడదు" అని ఇంటికి వచ్చినోళ్లందరికీ గర్వంగా చెప్పుకునేది.

అదే ఇంట్లో నుంచి సాయంత్రం నాలుగింటికి నాయన బజ్జీల బండి బయలుదేరుతుంది. బాండ్లిలో నిన్న మిగిలిన నూనె ఉంటుంది. దాని మీద ఇవాళ్టి నూనె పోస్తారు. రేపు దాని మీద రేపటి నూనె. అడుగున ఉండే నూనె ఏ రోజుదో చెప్పడం కష్టం. మా నాయన ఒక్కడే కాదు, ఆ వీధిలో ఉండే బండ్లన్నీ ఇంతే. మన స్కూలు విడిచినాక మనమంతా నిలబడేది అక్కడే. నా ఫీజు, నా నోటుబుక్కులు ఆ బాండ్లిలో నుంచే వచ్చినాయి. అందుకని నేను ఎవర్నో దూరం నుంచి తిడతా ఉండానని అనుకోవద్దు.

అవసరమైన నూనెకు భయపడతాము. భయపడాల్సిన నూనెను లొట్టలేసుకుంటా తింటాము. నా వాదన ఇదే.

పొర అంటే కొవ్వు పొరే

మన పుస్తకంలో కణం పాఠంలో ఒక వాక్యం ఉండాది. ప్లాస్మాత్వచం కొవ్వులతో, ప్రోటీన్లతో తయారవుతుంది అని. పరీక్షలో రెండు మార్కులు. ఇంకో పాఠంలో కొవ్వు తింటే ఊబకాయం, గుండెజబ్బు అని ఉండాది. దానికీ రెండు మార్కులు. రెండు పాఠాలూ ఒకే వస్తువు గురించి చెప్తా ఉండాయని మనకు ఎవరూ కలిపి చెప్పరు. మనమూ అడగము. నాలుగు మార్కులు తెచ్చుకోని ఊరుకుంటాము.

కలిపి చూద్దాం. మన ఒంట్లో ప్రతి కణానికీ చుట్టూ ఒక పొర ఉంటుంది. దాని మందం దాదాపు 7 నానోమీటర్లు. అట్లాంటి పొరల్ని ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటా పోతే ఒక్క మిల్లీమీటరు ఎత్తు రావడానికి లక్షా నలభై వేల పొరలు కావాలి. ఇంత పల్చని పొరే లోపలికి ఏది రావాలి, బయటికి ఏది పోవాలి అని నిర్ణయిస్తుంది. అందుకే దానికి విచక్షణా త్వచం అని పేరు. అది చిరిగి మళ్లీ మూసుకోకపోతే కణం చచ్చిపోతుంది.

ఈ పొరను కట్టే ఇటుకల పేరు ఫాస్ఫోలిపిడ్లు. ఒక్కో ఫాస్ఫోలిపిడ్‌కు ఒక తల, రెండు తోకలు. తలలో ఫాస్ఫరస్ ఉంటుంది, దానికి నీళ్లంటే ఇష్టం. తోకలు కొవ్వు ఆమ్లాలు, వాటికి నీళ్లంటే గిట్టదు. కణం లోపలా నీళ్లే, బయటా నీళ్లే. అప్పుడు ఈ అణువులు ఏం చేస్తాయి? పెళ్లికి పోయినప్పుడు కల్యాణ మండపంలో రాత్రి రెండు వరసల్లో కాళ్లకు కాళ్లు ఎదురుగా పెట్టుకోని పడుకుంటాము చూడండి, అట్లా సర్దుకుంటాయి. తలలు రెండు పక్కలా బయటికి, తోకలు మధ్యలో.

ఇది రెండు వరసల పొర అని 1925లో నెదర్లాండ్స్‌లో గోర్టర్ అనే పిల్లల డాక్టరు, గ్రెండెల్ అనే ఆయన కలిసి చెప్పినారు. ఎర్ర రక్తకణాల్లో ఉండే కొవ్వును తీసి నీళ్ల మీద ఒకే వరసగా పరిచి కొలిస్తే, ఆ కణాల ఉపరితలానికి రెండింతల జాగా వచ్చింది. అంటే కణం చుట్టూ ఆ కొవ్వు రెండు వరసలుగా ఉండాలి.

అదే 1925లో ఇంకొకటి జరిగింది. భీమవరంలో పుట్టి, మన మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, అమెరికా పోయిన యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్కే అనే ఆయనతో కలిసి ఫాస్ఫరస్‌ను రంగును బట్టి కొలిచే పద్ధతిని ప్రకటించినారు. ఫాస్ఫోలిపిడ్ తలలో ఫాస్ఫరస్ ఉంటుందని చెప్పినాను కదా. ఫాస్ఫరస్ ఎంతుందో తెలిస్తే ఫాస్ఫోలిపిడ్ ఎంతుందో తెలుస్తుంది. తరువాత కణత్వచాల మీద పని చేసినవాళ్లకు ఆ పద్ధతి చేతికి వచ్చిన కొలబద్ద అయింది. కొవ్వు పొర లెక్క వెనకాల ఒక తెలుగు మనిషి ఉండాడు. అట్లాంటి భాషలో చదువుకుంటా, "కొవ్వు అంటే చెడ్డది" అని ఒక్క మాటలో తేల్చేస్తే మనకు సిగ్గుచేటు.

తోక వంకరగా ఉంటేనే మేలు

ఈ పొర గోడ మాదిరి గట్టిగా ఉండకూడదు. 1972లో సింగర్, నికొల్సన్ అనే శాస్త్రవేత్తలు చెప్పిన ప్రకారం అది నూనె మాదిరి కదిలే పొర. అందులో ప్రోటీన్లు తేలుతా, జరుగుతా ఉంటాయి. చక్కెరను లోపలికి తెచ్చే ప్రోటీన్లు, ఇన్సులిన్ మాట వినే ప్రోటీన్లు అన్నీ ఆ పొరలోనే. పొర మైనం మాదిరి బిగుసుకుంటే వాటి పని సాగదు. మరీ పల్చనైతే పొర కారుతుంది. రెండింటికీ మధ్యలో ఉండాలి.

దాన్ని మధ్యలో ఉంచేది తోకలే. ఇది మన ఇంట్లోనే చూడవచ్చు. డిసెంబరులో మన హోసూరు చలి ఎట్లుంటుందో మీకు తెలుసు. రాత్రి కిటికీ దగ్గర నాలుగు గ్లాసులు పెట్టినాను. ఒకదాంట్లో కొబ్బరినూనె, ఒకదాంట్లో నెయ్యి, ఒకదాంట్లో రేషను పామాయిలు, ఒకదాంట్లో శెనక్కాయ నూనె. పొద్దున చూస్తే కొబ్బరినూనె, నెయ్యి రాయి మాదిరి గడ్డకట్టినాయి. పామాయిలు మబ్బుగా, సగం పేరుకోని ఉండింది. శెనక్కాయ నూనె వంచితే కారింది.

ఏమిటికి ఇట్లా? సంతృప్త కొవ్వు తోకలు నీలగిరి కట్టెల మాదిరి నిటారుగా ఉంటాయి. మోపు కడితే ఒకదానికొకటి అతుక్కోని గట్టిగా కూర్చుంటాయి. అసంతృప్త కొవ్వు తోకల్లో ద్విబంధం ఉండే చోట ఒక వంకర ఉంటుంది. తుమ్మకంపను మోపు కట్టి చూడండి, ఎంత బిగించినా సందులు ఉంటాయి. ఆ సందులే నూనెను ద్రవంగా ఉంచుతాయి. కొబ్బరినూనెలో నూటికి దాదాపు 90 పాళ్లు సంతృప్తమే. నెయ్యిలో 60 పైన. పామాయిల్లో సగానికి కొంచెం అటూ ఇటూ. శెనక్కాయ నూనెలో 20 లోపల. నువ్వుల నూనెలో 15 దగ్గర.

నెయ్యి తింటే రేపు పొద్దునకే మన కణాలు గడ్డకడతాయని నేను చెప్పడం లేదు. అట్లా చెప్పేవాళ్లు కూడా తప్పే. మన ఒళ్లు తెలివైనది. నిటారు తోకకు తానే ఒక వంకర పెట్టుకోగలదు. కొలెస్ట్రాల్‌ను పొర మధ్యలో సర్ది దాన్ని బాగా పల్చన కాకుండా, బాగా బిగుసుకోకుండా చూస్తుంది. అవును, కొలెస్ట్రాలే. అది లేకుండా మన కణత్వచం నిలవదు. అందుకే ఎక్కువ భాగం కొలెస్ట్రాల్‌ను మన ఒళ్లే తయారు చేసుకుంటుంది. అయితే రెండు రకాల కొవ్వు ఆమ్లాలను మాత్రం మన ఒళ్లు తయారు చేసుకోలేదు. ఒకటి లినోలీక్ ఆమ్లం. రెండోది ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం. వీటిని తినే తీరాలి.

నూనె మానేసిన ఎలుకలు

ఇది ఎట్లా తెలిసింది? 1929లో అమెరికాలో జార్జ్ బర్, మిల్‌డ్రెడ్ బర్ అనే భార్యాభర్తలు ఎలుకలకు కొవ్వు లేని తిండి పెట్టినారు. పిండి పదార్థం, ప్రోటీను, లవణాలు, విటమిన్లు అన్నీ ఇచ్చినారు. కొవ్వు ఒక్కటే లేదు. అప్పటి పెద్దల నమ్మకం ఏమంటే, కొవ్వు ఉత్త ఇంధనం, పిండి తింటే చాలు, కావలసిన కొవ్వు ఒళ్లే చేసుకుంటుంది అని. ఎలుకల చర్మం పొలుసులు లేచింది. తోకలు పుండ్లు పడినాయి. ఎదుగుదల నిలిచిపోయింది. లినోలీక్ ఆమ్లం కొద్దిగా ఇస్తే కోలుకున్నాయి. ఆవశ్యక కొవ్వు ఆమ్లాలు అనే మాట అక్కడి నుంచి వచ్చింది.

1929లో తేలిన విషయాన్ని ఇప్పటికీ మనం ఇంటికి చేర్చలేకపోయినాము. "నూనె చుక్క లేకుండా వంట" అని గొప్పగా చెప్పుకుంటా ఉండాము.

అవ్వ విషయంలో ఇంకో తప్పు కూడా జరిగింది. నూనె మానేసిన జాగాలో ఆమె అన్నం పెంచింది. ఖర్చు కాకుండా మిగిలిన పిండి పదార్థంలో కొంత కాలేయంలో కొవ్వుగా మారుతుంది. అట్లా మారేటప్పుడు మొదట తయారయ్యేది పామిటిక్ ఆమ్లం. అది ఏ రకం? సంతృప్తం. అంటే ఏ నిటారు తోకకు భయపడి నూనె మానేసిందో, ఆ నిటారు తోకనే ఆమె ఒళ్లు అన్నంలో నుంచి తయారు చేసుకుంటుంది. తయారు చేసుకోలేని వంకర తోకను మాత్రం ఆమె వాకిట్లోనే ఆపేసింది. దొంగను ఇంట్లో పెట్టుకోని చుట్టాన్ని తరిమినట్టు.

ఇంకా ఉండాది. ఎ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వులో కరిగేవి. మునగాకు వట్టి నీళ్లలో ఉడకబెట్టి తినేదానికన్నా, ఒక చెంచా నూనెతో వేయిస్తే అందులో ఉండే బీటా కెరోటిన్ ఒంటికి బాగా పడుతుంది. మన మెదడును నీళ్లు తీసేసి తూచితే సగానికి పైగా కొవ్వే. "నీకు కొవ్వెక్కింది" అని మనల్ని తిట్టే పెద్దలు ఈ లెక్క ఒకసారి చూడాలి.

ఈ మధ్య ఇంకో డాక్టరు దగ్గరికి అవ్వను నేను తీసుకుపోయినాను. ఈసారి కాగితం మీద ప్రశ్నలు రాసుకోని పోయినాను. "నూనె ఎన్ని చెంచాలు తినవచ్చు?" అని అడిగితే ఆమె నవ్వి, రోజుకు మూడు, నాలుగు చిన్న చెంచాలు తినమన్నారు. చేప తినమన్నారు. వేపుళ్లు, బేకరీ తిండి, ఎక్కువ అన్నం తగ్గించమన్నారు. మాత్ర మానొద్దన్నారు. రెండు నిమిషాలు కూడా పట్టలే. ఆ రెండు నిమిషాలు ముందే ఎవరైనా ఇచ్చుంటే ఎనిమిది నెలలు అవ్వ చప్పిడి తిండి తినే అవసరం ఉండేది కాదు. డాక్టర్లకు నేను చెప్పేది ఒకటే. "తగ్గించండి" అంటే మా ఇళ్లలో "మానేయండి" అని వినిపిస్తుంది. చెంచాల లెక్కలో చెప్పండయ్యా.

ఇక నెయ్యి భక్తుల సంగతి

ఈ మాటలు విని ఒక వర్గం చప్పట్లు కొడుతుంది. ఫోన్లో వీడియోలు పంపేవాళ్లు. "చూసినారా, కొవ్వు మంచిదే, మన తాతలు నెయ్యి తాగి నూరేళ్లు బతికినారు, కొబ్బరినూనె గ్లాసులో తాగండి" అంటారు. వాళ్లకూ ఒక మాట.

తాతలందరూ నూరేళ్లు బతకలే. స్వాతంత్ర్యం వచ్చిన కాలంలో మన దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ల దగ్గర ఉండింది. బతికి బట్టకట్టిన తాతలు పొద్దున నుంచి మాపటి దాకా మడక దున్నినారు. మనం బస్సెక్కి స్కూలుకు పోతాము.

సంతృప్త కొవ్వు ఎక్కువైతే ఏమవుతుందో కూడా కణత్వచమే చెప్తుంది. రక్తంలో ఎల్‌డీఎల్ అనే మూటల్లో కొలెస్ట్రాల్ తిరుగుతా ఉంటుంది. కాలేయ కణాల పొర మీద ఆ మూటల్ని పట్టుకోని లోపలికి లాగే చేతులు ఉంటాయి, గ్రాహకాలు అంటారు. వీటిని కనిపెట్టిన మైఖేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి ఇచ్చినారు. సంతృప్త కొవ్వు ఎక్కువ తింటే ఈ చేతులు తగ్గుతాయి. చేతులు తగ్గితే మూటలు రక్తంలోనే తిరుగుతా ఉంటాయి. రక్తనాళాల గోడల్లో చేరతాయి. కాబట్టి నెయ్యి పేరుకు ఒక చెంచా సరే, గ్లాసు వద్దు.

నూనె ప్యాకెట్లు అమ్మేవాళ్లకు కూడా ఒక మాట. పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్టు మీద "కొలెస్ట్రాల్ లేదు" అని పెద్ద అక్షరాలు. కొలెస్ట్రాల్ జంతువుల కణత్వచంలో ఉండేది. గింజల నూనెలో అది లెక్కలోకి వచ్చేంత ఎప్పుడూ లేదు. "మా టెంకాయలో ఎముకలు లేవు" అని రాసి అమ్మినట్టు ఉండాది ఇది. చూడాల్సింది ముందు వైపు కాదు, వెనక వైపు చిన్న అక్షరాల్లో ఉండే పట్టిక. సంతృప్త కొవ్వు ఎంత, ట్రాన్స్ కొవ్వు ఎంత అని. అది ఇంగ్లీషులో ఉంటుంది. మా అమ్మకు తెలుగు చదవను వస్తుంది, తమిళం మాట్లాడను వస్తుంది, ఆ పట్టిక మాత్రం నేనే చదివి చెప్పాలి. మీ ఇంట్లో మీరు చదివి చెప్పండి. మన చదువు అమ్మకు ఆ మాత్రం పనికి రాకపోతే ఏమిటికి?

రేషను పామాయిలు గురించి కూడా అడుగుతారు. మన తమిళనాడులో లీటరు 25 రూపాయలకు ఇస్తారు. మా ఇంట్లోనూ అదే. అది విషం కాదు. పేదవాళ్ల ఇంట్లో తాలింపు దానివల్లే చిటపటమంటా ఉండాది. కానీ అదొక్కటే వాడితే సంతృప్తం ఎక్కువ, వంకర తోకలు తక్కువ. దాంతో పాటు కొంచెం శెనక్కాయ నూనెనో, నువ్వుల నూనెనో కలుపుకుంటే మేలు. ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం కోసం అవిసె గింజల పొడి. చేప తినేవాళ్లు మత్తి చేప. ఖరీదైన చేపలు అక్కరలేదు, ఆ చవక చేపలోనే మంచి కొవ్వు ఉండాది.

వంకరను విరిచే రెండు దారులు

ఇప్పుడు అసలు శత్రువు దగ్గరికి వస్తాను. పొరకు కావలసింది వంకర తోక అని చెప్పినాను. ఆ వంకరను పాడు చేసే దారులు రెండు.

మొదటిది వనస్పతి. ద్రవంగా ఉండే నూనెలోకి నికెల్ సాయంతో హైడ్రోజన్ ఎక్కించి గట్టిపరుస్తారు. సగంలో ఆపితే కొన్ని తోకల్లో ద్విబంధం మిగులుతుంది గానీ వంకర సాగిపోయి దాదాపు నిటారు అవుతుంది. అదే ట్రాన్స్ కొవ్వు. చూడటానికి అసంతృప్తం, నడత సంతృప్తం కన్నా చెడ్డది. చెడ్డ కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది, మంచి కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుంది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని ప్రపంచంలో లేకుండా చేయాలని పిలుపునిచ్చింది. మన దేశంలో నూనెల్లో, కొవ్వుల్లో ట్రాన్స్ కొవ్వు 2021 జనవరి నుంచి నూటికి 3, 2022 జనవరి నుంచి నూటికి 2 మించకూడదని చట్టం తెచ్చినారు. ఇది మంచి చట్టం.

రెండో దారి మంట. ద్విబంధం ఉండే చోటే గాలిలోని ఆక్సిజన్ కరుస్తుంది. వేడి ఎక్కువైన కొద్దీ, మళ్లీ మళ్లీ కాచిన కొద్దీ ఎక్కువగా కరుస్తుంది. పొరకు మేలు చేసే ఆ వంకరే మంటలో ముందు చెడిపోతుంది. అందుకే పొద్దుతిరుగుడు నూనె లాంటివి పచ్చిగా ఎంత మంచివో, పదిసార్లు కాచితే అంత చెడ్డవి. నూనె నల్లబడుతుంది, చిక్కబడుతుంది, నురగ కడుతుంది, ముందుకన్నా తొందరగా పొగ లేస్తుంది. అప్పుడు అందులో నూనె తక్కువ, నూనె శవం ఎక్కువ. ఇట్లా చెడి పుట్టే పదార్థాలను పోలార్ కాంపౌండ్లు అంటారు. అవి నూటికి 25 మించితే ఆ నూనె వంటకు పనికిరాదని 2018 జూలై నుంచి మన దేశంలో నియమం ఉండాది. వాడేసిన నూనెను కొని బయోడీజిల్ చేసే పథకం కూడా అదే సంవత్సరం ఆగస్టులో మొదలైంది. రోజుకు 50 లీటర్లకు పైగా వాడే వాళ్లు లెక్క రాసి పెట్టాలి.

మా నాయన రోజుకు మూడు లీటర్లు వాడతాడు. ఆయన్ను లెక్క అడిగేవాళ్లు లేరు. పాత నూనె కొంటామని మా వీధికి ఎవరూ రాలే. చట్టం పెద్ద హోటల్ వాకిలి దాకా వచ్చి ఆగింది. మనం తినేది మాత్రం బండి దగ్గర.

ఒక రాత్రి ఇదంతా నాయనకు చెప్పినాను. ఆయన బండి కడుగుతా విన్నాడు. "సరే పాపా, పారబోస్తాను. ఆ నష్టం ఎవురు పెడతారు? మీ అయ్యవారు ఇస్తారా?" అన్నాడు. నాకు జవాబు లేదు. కోపంగా పోయి పడుకున్నాను. తెల్లారి లేచి లెక్క వేసినాను.

రాత్రికి బాండ్లిలో మిగిలేది లీటరున్నర. బాండ్లి చిన్నది చేసి, నూనె కొంచెం కొంచెంగా పోసుకుంటే లీటరుకు తగ్గుతుంది. లీటరు నూట ముప్పై అనుకుంటే రోజుకు నూట ముప్పై నష్టం. నెలకు నాలుగు వేలు దగ్గర. మా ఇంటికి అది చిన్న మొత్తం కాదు. కానీ రోజుకు రెండొందల బజ్జీలు అమ్ముడుపోతాయి. బజ్జీకి ఒక్క రూపాయి పెంచితే రెండొందలు వస్తుంది. నష్టం పోగా ఇంకా మిగులుతుంది.

నాయన లెక్క చూసి ఒప్పుకున్నాడు. మర్నాడు రూపాయి పెంచినాడు. పెంచిన రోజు ఎవరెవరు పక్క బండికి పోయినారో నేను చూసినాను. మన క్లాసు వాళ్లే. పేర్లు రాయను. నాలుగో రోజుకు నాయన పాత రేటుకు వచ్చేసినాడు. బాండ్లి మాత్రం చిన్నదే ఉంచినాడు, నూనె రాత్రికి వడకట్టి రెండో రోజు వాడి మూడో రోజు తీసేస్తా ఉండాడు. సంత రోజు వస్తే మాత్రం మళ్లీ పాత కథే. సగం గెలిచినాను, సగం ఓడినాను.

అందుకని ఈ వ్యాసంలో చివరి కోపం మా నాయన మీద కాదు, మన మీద. క్విజ్ పోటీలో "కణత్వచం దేనితో తయారవుతుంది?" అంటే చెయ్యెత్తుతాము. బయటికి వచ్చి రూపాయి తక్కువని నల్లనూనె బజ్జీ తింటాము. మన ఒంట్లో సెకనుకు దాదాపు 20 లక్షల ఎర్రకణాలు పుడతా ఉండాయి. ఒక్కొక్కటీ సుమారు 120 రోజులు బతుకుతుంది. మనం తినే కొవ్వు రకం వాటి పొరలో తెలిసిపోతుంది. ఈ నెల తిన్నది నాలుగు నెలల దాకా మనతోనే తిరుగుతుంది.

హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉండాది. అది 1918లో మన నీలగిరి కూనూరులో పుట్టి, తరువాత హైదరాబాదుకు పోయింది. వాళ్ల లెక్క ప్రకారం ఎక్కువ కష్టం చేయని మనిషికి పైన పోసుకునే నూనె, నెయ్యి అన్నీ కలిపి రోజుకు 20 నుంచి 25 గ్రాములు చాలు. అంటే నాలుగైదు చిన్న చెంచాలు. మా ఇంట్లో ఐదు మంది. నెలకు నాలుగు లీటర్లు సరిపోవాలి. మేము వాడేది ఐదున్నర. మీ ఇంట్లో ఎంతో ఈ ఆదివారం చూడండి. సున్నా ఉన్నా తప్పే, పది ఉన్నా తప్పే.

స్కూలుకు నా విన్నపాలు రెండు. వార్షికోత్సవం రోజు వడలు వేయించే నూనెను మరుసటి వంటకు దాచొద్దు. సైన్సు క్లబ్బు తరఫున గేటు బయట ఉండే బండ్లతో మాట్లాడదాం. తిట్టడానికి కాదు, లెక్క చూపించడానికి. నూనె మార్చే బండికి మన క్లబ్బు ఒక బోర్డు రాసిస్తుంది. ఆ బోర్డు ఉన్న బండి దగ్గర బజ్జీ రూపాయి ఎక్కువైనా అక్కడే కొందాం. అందరు బండ్ల వాళ్లూ ఒకేసారి పెంచితే పక్క బండికి పోయే దారి కూడా ఉండదు.

ఎవరైనా ఇంట్లో "నూనె మంచిదా, చెడ్డదా?" అని అడిగితే ఒక్క మాటలో జవాబు చెప్పొద్దు. ఏ నూనె, ఎంత, ఎన్నోసారి కాచింది అని తిరిగి అడగండి.

మా అవ్వ ఇప్పుడు రాగిముద్దలోకి ఊరుబిండి వేసుకుంటా ఉండాది. ఒక చెంచా నూనె తానే కొలిచి పోసుకుంటుంది. వచ్చినోళ్లకు "నాకు రోజుకు నాలుగు చెంచాలు" అని చెప్తుంది, అదే గర్వంతో. నాయన మూడో రోజు నూనె మొదటి రోజుకే తీసేయాలంటే మీ రూపాయి కావాలి. సోమవారం సాయంత్రం బండి దగ్గర ఉంటాను. వస్తారా?